లోపలి గడియ

రెండో రోజు పొద్దెక్కినా ఆ తలుపు తెరుచుకోలేదు.

"బాపూ, నీకే చెప్తున్న. ఇనవడ్తలేదా?"

"ఇనవడ్తుంది."

"ఇనవడితే లెవ్వు మరి."

కైలాసం లేవలేదు. అరుగు మీద కూర్చుని తాళంచెవి ఒకటి ఆకురాయితో రాస్తున్నాడు. ఇనుప రజను మోకాలి మీద రాలుతోంది. కొడుకు రామచంద్రం ఎదురుగా నిలబడ్డాడు. గని లాంపు రూములో గుమాస్తా. పెళ్ళాన్ని వదిలించుకునే రోజని ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

"పెద్దమనుషులు వచ్చే యాళ్ళయితుంది. తలుపు పై బందు ఇప్పటికే లూజున్నది. ఆరు స్క్రూలు, గంతే. నువ్వు పేచ్‌కస్ పట్టినవంటే బీడీ తాగినంత సేపు వట్టది."

"లోపల గడియ పెట్టుకున్న తలుపు నేను తెరువ."

"దొరల బీరువాలు తెరిచినప్పుడు యాడికి వోయింది గీ నేమం?"

"వాటికి బైట తాళం. చెవి పోగొట్టుకున్నోడే వచ్చి తెరువుమన్నడు. లోపలి గడియ పెట్టుకున్నోళ్ళది. వాళ్ళే తియ్యాలె."

"అవ్వప్పుడు గూడ గిట్లనే కూసుంటివి."

ఆకురాయి ఆగింది. కొద్దిసేపటికి మళ్ళీ కదిలింది.

తలుపు వెనక ఉన్నది సత్తమ్మ. రామచంద్రం పెళ్ళాం. కైలాసానికి కోడలే కాదు, చనిపోయిన చెల్లెలు లింగవ్వ బిడ్డ కూడా. తల్లీ తండ్రీ పోయాక ఈ ఇంట్లోనే పెరిగింది. ఈ ఇంట్లోనే తాళి కట్టించుకుంది. ఏడేళ్ళయింది.

నిన్న పొద్దున రామచంద్రం ఆసిఫాబాద్ బండి దిగి వచ్చి, "రేపు పరక తెంపుడు. పెద్దమనుషులకు చెప్పొచ్చిన" అన్నాడు. పెద్దమనుషుల ముందు గడ్డిపరక తెంపితే పెళ్ళి తెగినట్టు. అప్పుడామె వాకిలి ఊడుస్తోంది. చీపురు గోడకు నిలబెట్టింది. నీళ్ళబిందె చంకనెత్తుకుని గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. ఏడవలేదు. తిట్టలేదు. ఏడ్చినా తిట్టినా రామచంద్రానికి బాగుండేది. ఏడ్చే ఆడదానికి ఏం చెప్పాలో వాడికి తెలుసు.

"పిల్ల ఏమన్న తిన్నదా?"

పక్కింటి కిష్టవ్వ గట్క గిన్నె పట్టుకుని వచ్చింది.

"తలుపు తీస్తే గద తినేది" అన్నాడు రామచంద్రం.

"నిన్నడుగలే. నువ్వు మంచిగనే తిన్నట్టున్నవ్. మొకం మెరుస్తుంది."

"కిష్టవ్వా, నీ ఇంటి సంగతి నువ్వు సూస్కో."

"సూస్కుంటనే ఉన్న. నిన్న గడ్డపార వట్టుకొని నువ్వు ఆ బందు పెకిలిస్తుంటె మొత్తుకున్నదెవ్వలు? నేను మొత్తుకోకుంటె తలుపు నిన్ననే ఊడివస్తుండె." గిన్నె అరుగు మీద పెట్టింది. "మా మామ ఇద్దర్ని ఏలుకున్నడు. కొప్పులు వట్టుకొని కొట్టుకునేటోళ్ళు ఇద్దరు. అయినా ఒక్కర్ని బజార్ల వడెయ్యలే."

"గా రోజులు వోయినయ్. కాయిదా మారింది. ఇద్దరుంటె కేసు. నౌకరి వోతది. బాలలక్ష్మి అన్నలు ఉట్టిగనే ఒప్పుకుంటరా? మొదటిది తెంపుకొని రమ్మన్నరు."

రామచంద్రం చేసుకోవాలనుకుంటున్న బాలలక్ష్మి ఆసిఫాబాద్‌లో పంతులమ్మ.

"ఆడోళ్ళు మంచిగుండాల్నని కాయిదా తెచ్చిండ్రంటిరి. గిదేనా మంచి?"

రామచంద్రం వీధి వైపు చూశాడు. జవాబు ఆ చట్టం చేసినవాళ్ళ దగ్గర ఉన్నదేమో, వాళ్ళు బెల్లంపల్లికి రాలేదు.

కైలాసం తాళంచెవి రుమాలులో చుట్టి లేచాడు. కొడుకు మొహంలో ఆశ కనిపించింది. ముసలాయన మాత్రం తలుపు వైపు పోలేదు. ఇంటి వెనక్కి నడిచాడు.

వెనకగోడకు ఒక కిటికీ ఉంది. అలాంటిది ఆ వాడలో ఇంకో ఇంటికి లేదు. ఒక అద్దం కాదు, రెండు. ఒకదాని వెనక ఒకటి, నడుమ బెత్తెడు ఖాళీ. వెనకటి మేనేజరు దొరకు గని ఇంజను మోతకు నిద్ర పట్టేది కాదట. బంగ్లా అంతటా ఇలాంటివే పెట్టించుకున్నాడు. ఇరవై రెండేళ్ళు కైలాసం చేసిన పని వాటికే. బొగ్గుదుమ్ము పట్టి బందులు బిగుసుకుపోయేవి. పిడులు అరిగి ఉత్తగా తిరిగేవి. తాళాలు తుప్పుపట్టేవి. దొర వెళ్ళిపోయాక బంగ్లా మార్చి కట్టారు. పారేసిన కిటికీని అడుక్కుని తెచ్చి పిడి మార్చి ఈ గోడకు పెట్టాడు. దొర కిటికీ తన ఇంటికి ఉందని అప్పట్లో ఆయనకు గర్వం. దాన్ని చూడటానికి మనుషులు వచ్చేవారు.

అద్దంలోంచి సత్తమ్మ కనిపించింది. తలుపుకు వీపు ఆనించి కూర్చుని బొంత కుడుతోంది. రెండు రోజులుగా తిండి లేని మనిషి కుట్టు ఎక్కడా వంకర పోలేదు.

కైలాసం గోటితో అద్దం తట్టాడు. ఆమె తల ఎత్తింది.

"పెద్దమనుషులొస్తుండ్రు" అన్నాడు.

ఆమె పెదవులు కదిలాయి. ఏమన్నదో ఇటు రాలేదు. తన మాటా అటు పోలేదని అతనికి అర్థమైంది. చేత్తో పిడి తిప్పమని సైగ చేశాడు. ఆ పిడి లోపలినుంచే తిరుగుతుంది.

సత్తమ్మ అతన్ని కాసేపు చూసింది. దారం పళ్ళతో తెంపింది. కొత్త దారం ఎక్కించుకుని తల వంచుకుంది.

ఒకప్పుడు ఐలవ్వ కూడా ఇక్కడే కూర్చుంది. కైలాసం పెళ్ళాం. ఒకసారి ఈయన చెయ్యి చేసుకుంటే ఈ గదిలోనే గడియ పెట్టుకుంది. "ఆకలైతే అదే వస్తది" అని ఈయన అరుగు మీద మూడు రోజులు బీడీలు తాగాడు. మగవాడంటే అట్లా ఉండాలని వాడంతా మెచ్చుకుంది. మూడో రోజు ఆమె బయటికి వచ్చి పొయ్యి ముట్టించింది. తర్వాత ఆరేళ్ళు బతికింది. ఆయనతో "బువ్వ వెట్టిన" అనేది. ఇంకో మాట లేదు. ఆమె పోయి రెండేళ్ళు. తలుపు తెరవకపోవడం నేమమని కైలాసం ఇప్పుడు అంటున్నాడు. అప్పుడది నేమం కాదు. పొగరు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసినందువల్ల ఐలవ్వకు ఒరిగిందేమీ లేదు.

ముందువైపు మనుషుల గొంతులు వినిపించాయి.

పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు. మొండయ్య, హనుమండ్లు. మొండయ్య తక్కువ మాట్లాడతాడు. ఆ తక్కువ మాటలకే జనం భయపడతారు. హనుమండ్లు నవ్వించాలని చూస్తాడు.

"ఏం కైలాసం, మంచిదేనా?"

"కూసోండ్రి."

"పరక ఏది?" అన్నాడు మొండయ్య.

తెంపే పరక కాపురం ఉన్న ఇంటి కప్పుదై ఉండాలి. గూనపెంకుల ఇంట్లో గడ్డి ఎక్కడిది? హనుమండ్లు చుట్టూ చూసి కిష్టవ్వ చూరు వైపు చెయ్యి చాపాడు.

"నా ఇంటి గడ్డి ముట్టకు!" కిష్టవ్వ అడ్డం పోయింది. "నా కప్పు గడ్డితోని ఒక ఆడిదాని సంసారం తెంపుతరా?"

"ఒక్క పరకనే గదనే. వాన వస్తె కురుస్తదా ఏంది నీ కొంప?"

"మీ ఇంట్ల లేదా గడ్డి?"

"మా ఇంటిది పట్టుకొస్తె మా సంసారం తెగుతదేమో. తెగితె మంచిగనే ఉంటుండె గని, నా పెండ్లం ఒప్పుకోది" అని హనుమండ్లు నవ్వుతూ చూరులోంచి పరక లాగాడు. ఎవరూ నవ్వలేదు.

మొండయ్య పరకను వేళ్ళతో దువ్వి దుమ్ము రాల్చాడు.

"పిల్లను పిలువుండ్రి."

"గడియ పెట్టుకున్నది, పటేలా" అన్నాడు రామచంద్రం. "నిన్నటి సంది. బాపు తెరువనంటుండు."

"నువ్వెందుకు తెరువలే?"

"నిన్న ఎరుక లేక గడ్డపార వట్టిన. నేను తెరిస్తె చెల్లదంట గద."

"చెల్లది. మొగడు తలుపు వలగ్గొట్టి గుంజుకొచ్చిన ఆడిది పరక వట్టుకుంటె అది తెగినట్టు గాదు. ఇంటిపెద్ద తెరువాలె." మొండయ్య కైలాసం వైపు తిరిగాడు. "తెరువు."

"నా తోని గాదు."

"తెరుసుడు వస్తలేదా, ఇష్టం లేదా?"

"ఇష్టం లేదు."

హనుమండ్లు తలుపు దగ్గరికి పోయి ఊపి చూశాడు. పాత బంగ్లా తలుపే అది. బయటికి తెరుచుకుంటుంది. బందులు కూడా బయటే. గడ్డపార దెబ్బకు పై బందు మూడు మరమేకులు సగం పైకి వచ్చి వేలాడుతున్నాయి. తలుపు కిర్రుమంది.

"అరే, ఇది తెరిసుడెందుకు? జర గట్టిగ దగ్గితె అదే ఊడి వస్తది. ఊడితె ఎవ్వల తప్పు? తలుపుది. ఏమంటవ్ మొండన్నా?"

మొండయ్య పరకను వేళ్ళ నడుమ తిప్పాడు. అంటే వద్దనలేదు.

హనుమండ్లు రెండోసారి ఊపాడు. ఒక మరమేకు కింద పడి దొర్లింది.

కైలాసం లోపలికి పోయి పనిముట్ల సంచి తెచ్చాడు.

"గిప్పుడొచ్చినవ్ తొవ్వకు" అన్నాడు హనుమండ్లు పక్కకు జరుగుతూ.

కైలాసం పీట వేసుకుని ఎక్కాడు. వేలాడుతున్న మరమేకులు రెండూ తీశాడు. పై బందు వదులైంది. రామచంద్రం ఊపిరి పీల్చుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. కిష్టవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

కైలాసం సంచిలోంచి వెదురు ముక్క తీసి కత్తితో సన్నగా చీల్చాడు. ఒక్కో చీలికను మరమేకు రంధ్రంలో దిగ్గొట్టాడు. మిగిలింది కోసేశాడు. తర్వాత వేలెడు పొడుగు మరమేకులు మూడు ఏరుకుని మైనం రాశాడు. మొదటిదాన్ని పెట్టి తిప్పసాగాడు.

రామచంద్రం పీట దగ్గరికి వచ్చాడు.

"ఏం చేస్తున్నవ్ బాపూ?"

"కనవడ్తలేదా? బందు లూజైంది. బిగిస్తున్న."

"నీకు మతి ఉన్నదా!"

రామచంద్రం పేచ్‌కస్ పట్టుకోబోయాడు. కైలాసం పీట మీదినుంచే చూశాడు. వాడి చెయ్యి ఆగింది. ముప్పై ఏళ్ళ మనిషి, గుమాస్తా, ఆ చూపుకు ఇంకా ఆగుతాడు.

మూడూ బిగించాడు. పీట దిగి కింది బందు కూడా బిగించాడు. తలుపును అరచేత్తో తట్టి చూశాడు. కదల్లేదు. ఇరవై రెండేళ్ళ పనిలో అంత గట్టిగా దేన్నీ బిగించలేదు.

"ఇగ దగ్గుండ్రి" అన్నాడు హనుమండ్లుతో.

కిష్టవ్వ "శెబ్బాస్" అని మెల్లగా అనుకుంది.

మొండయ్య లేచాడు. కోపం లేదు. కోపం లేకపోవడమే చూడటానికి బాగాలేదు.

"తలుపు మంచిగ చేసినవ్ కైలాసం. ఇగ అది తెరుసుకోదు. పిల్ల ఎదుటికి రాదు. గంతే గద?"

"గంతే."

"ఎదుటికి రాని ఆడిదానికి బదులు ఆమె అవ్వగారి దిక్కు మనిషి పరక వట్టుకుంటడు. తాతలనాటి సంది ఉన్నదే. లింగవ్వ దిక్కు ఇంకెవ్వలున్నరు? ఒక్కడివి. మేనమామవు." పరక ముందుకు చాపాడు. "వట్టుకో."

కైలాసం చేతిలో పేచ్‌కస్ ఉంది. అది కిందికి దిగింది.

తలుపు మూసి ఉంటే ఏ పరకా తెగదని అతను అనుకున్నాడు. అందుకే బిగించాడు. ఆ మూసిన తలుపే ఇప్పుడు పరకను తన చేతికి తెచ్చింది.

"వట్టుకుంటె ఏమయితది?" అని కిష్టవ్వ అడిగింది. ఆమెకు తెలుసు. కైలాసం వినాలని అడిగింది.

"ఎరుక లేనట్టు అడుగుతవేందే?" అన్నాడు మొండయ్య. "ఇద్దరు రెండు కొసలు వట్టుకుంటరు. ఎవ్వలు గుంజి తెంపుతరో వాళ్ళు ఇల్లిడిసి పోవాలె. మిగిలినోళ్ళది ఇల్లు."

"ఎన్నడన్న మొగోడు గుంజిండా?"

"నేనైతె సూడలే."

"ఆడోళ్ళు గుంజుమంటె ఎందుకు గుంజుతరు? మేమే చెయ్యి వట్టి గుంజిపిస్తం. నిమిషం పని. కైలాసం చెయ్యి గూడ పడ్త" అన్నాడు హనుమండ్లు.

"నేను వట్ట" అన్నాడు కైలాసం.

"పట్టనంటె కుదరది. మేనమామ పట్టనంటె ఒక్కటే మాట ఉంటది. పిల్లతోని వరుస లేదనాలె" అన్నాడు మొండయ్య.

"బాపూ, వట్టుకో" అన్నాడు రామచంద్రం. గొంతు మారింది. బతిమాలుతున్నాడు. "దానికి తక్కువ చెయ్య. జమ్మికుంట మిల్లుల పనికి మాట్లాడిన. పత్తి ఏరుకొని బతుకుతది. ఎవ్వలు బతుకుతలేరు? నాకు గీ ఒక్కటి చెయ్యి. నేను నీకేమన్న అడిగిన్నా ఎన్నడన్న?"

"అడిగినవ్. దీన్ని చేసుకుంటనని నువ్వే అడిగినవ్. పదేను రోజులు బువ్వ తినలే నువ్వు."

రామచంద్రం తల తిప్పుకున్నాడు.

"జల్ది చెప్పు కైలాసం" అన్నాడు మొండయ్య. "వరుస ఉన్నదా, లేదా? లేదన్నవనుకో, వట్టేటోళ్ళు లేక ఇయ్యాల పరక తెగది. మేం లేసి పోతం. కని ఆలోసించుకో. రేపు గీ పిల్లకు ఏం కష్టమొచ్చినా, ఏ పంచాయితిల గూడ నువ్వు ఆమె దిక్కున కూసునేది లేదు. చచ్చిపోతె అవ్వగారి గుడ్డ నువ్వు కప్పేది లేదు. ఎవ్వలు లేనిదైతది."

కైలాసం తలుపు వైపు చూశాడు. తలుపు పలక ఒక్కటే. దాని వెనక ఆమె వీపు ఉందని తెలుసు. కిటికీ అద్దాలు మాట పోనివ్వలేదు. ఈ చెక్క పోనిస్తుంది.

"లేదు" అన్నాడు.

"గట్టిగ. ఇద్దరం ఇనాలె."

"లింగవ్వ నా చెల్లె. లింగవ్వ బిడ్డ నాకేం గాదు."

కిష్టవ్వ "అయ్యో అన్నా" అంది.

మొండయ్య ఇంకా పరక జేబులో పెట్టుకోలేదు. అప్పుడే లోపల గడియ జారిన చప్పుడైంది.

తలుపు తెరుచుకోలేదు. బందు మరీ బిగిసి పలక గడపను పట్టేసింది. లోపలినుంచి ఒక తోపు. ఇంకొకటి. కైలాసం సాయం పట్టడానికి చెయ్యి చాపాడు.

"ముట్టకు" అని లోపలినుంచి వినిపించింది.

భుజంతో తోసినట్టుంది. చెక్క గీసుకుంటూ తలుపు మూరెడు తెరుచుకుంది. ఆ సందులోంచి సత్తమ్మ పక్కకు తిరిగి బయటికి వచ్చింది. పెదవులు ఎండిపోయాయి. చెంగు నిండుగా కప్పుకుంది. కొత్త మరమేకులను ఒకసారి చూసింది.

"నా కొస నాకియ్యి" అంది మొండయ్యతో.

"సత్తీ, లోపటికి పో" అన్నాడు కైలాసం. "వాళ్ళు లేసి పోయేటోళ్ళే. నేనెందుకన్ననో నీకు..."

"ఎరుకే. నన్ను ఉంచనీకెనే అన్నవ్. గడియ కాడనే కూసున్న. అన్ని ఇన్న."

"మరెందుకు వస్తివి?"

"కని అన్నవ్ గద. అందరి ముంగట. ఇంతసేపు నాకు నువ్వొక్కడివి ఉంటివి. ఇప్పుడెవ్వలు లేరు. నా చెయ్యి నేనే పెట్టుకోవాలె." అతను దారికి అడ్డంగా ఉన్నాడు. "జర పక్కకు జరుగు."

మామా అనలేదు. కిష్టవ్వ గమనించింది. మొండయ్య గమనించాడు. కైలాసం పక్కకు జరిగాడు.

మొండయ్య పరక చాపాడు. సత్తమ్మ ఒక కొస బొటనవేలుకు ఒక చుట్టు తిప్పి పట్టుకుంది. రామచంద్రం రెండో కొస తీసుకున్నాడు. ఏడేళ్ళలో వాళ్ళిద్దరూ పదిమంది ముందు ఇంత దగ్గరగా నిలబడింది పెళ్ళిరోజు తర్వాత ఇదే.

హనుమండ్లు ఆమె మణికట్టు వైపు కదిలాడు.

"ముట్టినవంటే కొరుకుత" అంది సత్తమ్మ. గొంతు పెంచలేదు. "రెండు దినాలైంది తినక."

హనుమండ్లు నవ్వబోయి ఆగాడు. మొండయ్యను చూశాడు. మొండయ్య తల అడ్డంగా ఊపాడు. "ఆమెంతట ఆమె వచ్చింది. ముట్టకు."

"మరి గుంజవేందే?" అన్నాడు రామచంద్రం.

"పట్టుకుంట అన్న. గుంజుత అన్లే." మొగుడి కళ్ళలోకి చూసింది. "పోవాల్నని నీకున్నది. నాకు లేదు. నువ్వు గుంజు."

"నా బాపు ఇల్లిది."

"అందుకే చెప్తున్న. గుంజి, ఆసిఫాబాద్ పో. ఎవ్వలొద్దన్నరు?"

రామచంద్రం తండ్రి వైపు చూశాడు. కైలాసం పేచ్‌కస్‌ను సంచిలో పెడుతున్నాడు. వాడు పెద్దమనుషుల వైపు చూశాడు. హనుమండ్లు తలపాగా సర్దుకుంటున్నాడు. మొండయ్య ముందుకు వంగి పరకనే చూస్తున్నాడు.

"ఇద్దర్ల ఎవ్వలో ఒకలు" అన్నాడు మొండయ్య. "చేతులు దించితె లెక్కకు రాదు. నేనీడనే ఉంట."

వాకిట్లో ఎండ గడపదాకా వచ్చింది. రామచంద్రం చొక్కా వీపుకు అంటుకుంది. ఇద్దరి నడుమ పరక కొంచెం వంగి వేలాడుతోంది.

మెల్లగా ఆ వంపు పోయింది. పరక తిన్నగా బిగిసింది.

ఎవరి చెయ్యి కదిలిందో మొండయ్యకు కూడా తెలియలేదు.